ఎయిర్‌పోర్ట్ లాంజ్‌లోకి ఇద్దరూ కలిసి వెళ్ళాలంటే ఏం చేయాలి: గుంటూరు, బెజవాడ నుంచి బయల్దేరేవాళ్ళకి

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నలకి టికెట్ తీసేటప్పుడు మనం చూసేది రేటెంత, లగేజీ ఎన్ని కిలోలు, మధ్యలో ఎన్ని గంటలు ఆగాలి, ఇంతే. లాంజ్ సంగతి, అంటే విమానం ఎక్కేదాకా కూర్చుని ఏదైనా తినడానికి ఎయిర్‌పోర్ట్‌లో విడిగా ఉండే హాలు సంగతి, శంషాబాద్‌లో ఇమిగ్రేషన్ దాటాక గుర్తొస్తది, అప్పుడు ఫోన్ చేసి "ఒరే, నీ కార్డు మీద మేమిద్దరం లోపలికి పోవచ్చా" అని అడుగుతారు, అటు పిల్లాడేమో ఆఫీసు మీటింగులో ఉంటాడు. అందుకే ఇది ఇంట్లో కూర్చుని, ప్రయాణానికి రెండు మూడు నెలల ముందే తేల్చుకోవాల్సిన పని అని చెప్తున్నా.

లాంజ్‌లని పోల్చేవాళ్ళు ఎక్కువగా సోఫాలు, బఫే, షవర్ గురించి చెప్తారు. నేను మాత్రం ముందు ఒకటే చూస్తాను, ఒక మనిషికి ఎంట్రీ ఉంటే పక్కనున్న రెండో మనిషి సంగతేంటి అని. మన పెద్దవాళ్ళు జంటగా వెళ్తారు, ఆయన లోపల కూర్చుని ఆవిడ బయట బ్యాగుల దగ్గర కాపలా ఉండాల్సి వస్తే ఆ లాంజ్ ఎంత గొప్పదైనా వీళ్ళకి పనికిరాదు. శుభలేఖ మీద సకుటుంబ సపరివార సమేతంగా అని ఉంటది చూడండి, లాంజ్‌లో అలాంటి పిలుపు ఎక్కడా లేదు, పిలిచింది ఎవర్నో వాళ్ళకే, మహా అయితే ఇంకొకళ్ళకి.

ముందు తేల్చుకోవాల్సింది: ఏ దారిన వెళ్తున్నారు

లాంజ్‌లోకి వెళ్ళడానికి మూడు దారులున్నాయి. టికెట్ బిజినెస్ క్లాసో ఫస్ట్ క్లాసో అయితే టికెట్టే ఎంట్రీ. రెండోది ఎయిర్‌లైన్ మెంబర్‌షిప్, అంటే బాగా తిరిగేవాళ్ళకి ఇచ్చే గోల్డ్, ప్లాటినమ్ లాంటి హోదా, ఇది ఉంటే ఎకానమీలో వెళ్తున్నా రానిస్తారు. మూడోది బ్యాంకు కార్డు, లేదా దాంతో వచ్చే ప్రయారిటీ పాస్ లాంటి లాంజ్ పాస్. వీటిల్లో ఏదీ లేకపోతే డబ్బులు కట్టి కొనుక్కోవడం ఎలాగూ ఉంది. ఈ మూడిట్లో గెస్ట్ రూల్, అంటే మనతో ఇంకొకళ్ళని తీసుకెళ్ళే రూల్, దేనికదే, ఒకదాని రూల్ ఇంకోదానికి వర్తిస్తుందనుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటున్నారు.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. మన వైపు ఒకళ్ళు విమానం ఎక్కుతుంటే సాగనంపడానికి కారు నిండా జనం వెళ్తారు కదా, మావయ్య, చిన్నాన్న, పక్కింటివాళ్ళతో సహా. వాళ్ళని గెస్ట్‌గా లాంజ్‌లోకి తీసుకెళ్ళొచ్చా అని నన్ను నిజంగానే అడిగినవాళ్ళున్నారు. కుదరదండి. టికెట్ లేకుండా టెర్మినల్ గేటు దగ్గరే సీఐఎస్ఎఫ్ వాళ్ళు ఆపేస్తారు, లాంజ్ సెక్యూరిటీ చెక్ దాటాక ఉంటది, ఇంటర్నేషనల్ అయితే ఇమిగ్రేషన్ కూడా దాటాక ఉంటది. గెస్ట్ అంటే లాంజ్ లెక్కలో ఆ రోజు విమానం ఎక్కుతున్న, చేతిలో బోర్డింగ్ పాస్ ఉన్న మనిషి.

టికెట్ మీద వెళ్తే

బిజినెస్ క్లాస్ టికెట్ కొంటే ఆ టికెట్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళకే లాంజ్, మామూలుగా దాని మీద గెస్ట్ ఉండరు. స్టార్ అలయన్స్ అనే ఎయిర్‌లైన్‌ల కూటమి రూల్ అయితే చాలా స్పష్టంగా ఉంది, బిజినెస్ ప్యాసింజర్‌కి గెస్ట్ లేరు, ఇంటర్నేషనల్ ఫస్ట్ క్లాస్ అయితే ఒకళ్ళని తీసుకెళ్ళొచ్చు. వన్‌వరల్డ్ అనే ఇంకో కూటమిలో కూడా దాదాపు ఇదే పద్ధతి.

ఇది ఎక్కడ ఇబ్బంది అవుద్దంటే, నాన్నకి మోకాళ్ళ నొప్పులు కాళ్ళు చాపుకోవాలి అని ఆయనకి ఒక్కడికి బిజినెస్ తీసి అమ్మకి ఎకానమీ తీస్తారు చాలామంది, డబ్బులు చూసుకుంటే అది తప్పేం కాదు, కానీ లాంజ్ దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ విడిపోతారు. అలా తీసేవాళ్ళు అమ్మకి వేరే దారి, అంటే కార్డు గానీ డబ్బులు కట్టే ఎంట్రీ గానీ, ముందే చూసిపెట్టండి.

బిజినెస్ టికెట్‌లో కూడా తక్కువ రేటు రకాలొచ్చాయి. ఎమిరేట్స్ 2019లో బిజినెస్ స్పెషల్ అని తెచ్చింది, ఖతార్ ఎయిర్‌వేస్‌లో బిజినెస్ లైట్ అని ఉంది, సీటు బిజినెస్‌దే కానీ ఆ టికెట్ మీద లాంజ్ రాదు. ట్రావెల్ ఏజెంట్ "బిజినెస్ క్లాసేనండి, చాలా తక్కువకొచ్చింది" అంటే సంతోషమే, కానీ ఫేర్ పేరేంటో అడిగి టికెట్ మీద చదవండి.

మెంబర్‌షిప్ మీద వెళ్తే

ఇక్కడ అలయన్స్‌ల సంగతి కాస్త తెలియాలి. ప్రపంచంలో పెద్ద ఎయిర్‌లైన్ కూటములు మూడు. స్టార్ అలయన్స్ 1997లో, వన్‌వరల్డ్ 1999లో, స్కైటీమ్ 2000లో మొదలయ్యాయి. ఒక కూటమిలో ఒక ఎయిర్‌లైన్ దగ్గర మీకు పై హోదా ఉంటే మిగతా ఎయిర్‌లైన్‌ల లాంజ్‌లు కూడా తలుపు తీస్తాయి, గెస్ట్‌గా ఒకళ్ళని రానిస్తాయి.

హైదరాబాద్ నుంచి వెళ్ళేవాళ్ళకి లెక్క ఇలా ఉంటది. ఎయిరిండియా 2014 నుంచి స్టార్ అలయన్స్‌లో ఉంది, లుఫ్తాన్సా, సింగపూర్ ఎయిర్‌లైన్స్, యునైటెడ్ కూడా అందులోవే. ఎయిరిండియా మహారాజా క్లబ్‌లో గోల్డ్ గానీ ప్లాటినమ్ గానీ ఉన్నవాళ్ళు స్టార్ గోల్డ్ కిందకి, అంటే స్టార్ అలయన్స్ పై హోదా కిందకి వస్తారు, వాళ్ళు ఎకానమీలో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తున్నా లాంజ్‌లోకి వెళ్ళొచ్చు, తమతో ఒకళ్ళని తీసుకెళ్ళొచ్చు. ఆ ఒకళ్ళు కూడా అదే ఎయిర్‌పోర్ట్ నుంచి స్టార్ అలయన్స్ విమానంలోనే ఎక్కాలి. అంటే కొడుకు లుఫ్తాన్సాలో, అమ్మ అదే రాత్రి ఎమిరేట్స్‌లో బయల్దేరుతుంటే కొడుకు గోల్డ్ మీద అమ్మ రాలేదు. సిల్వర్ హోదా మీద ఈ అలయన్స్ లాంజ్ రాదు, కార్డు మీద సిల్వర్ అని మెరుస్తుంటే వచ్చేస్తుందేమో అనుకుంటారు కొందరు.

వన్‌వరల్డ్‌లో ఖతార్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, కాథే పసిఫిక్, అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఉన్నాయి. అందులో సఫైర్, ఎమరాల్డ్ అని రెండు హోదాలకి లాంజ్ వస్తది, గెస్ట్ ఒకళ్ళు, ఆ గెస్ట్ వన్‌వరల్డ్ విమానం ఎక్కాలి. స్కైటీమ్‌లో డెల్టా, ఎయిర్ ఫ్రాన్స్, కేఎల్ఎం ఉన్నాయి, కేఎల్ఎం 2025లో హైదరాబాద్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కి మొదలుపెట్టింది కాబట్టి ఇప్పుడు మనకి కూడా పనికొచ్చే సంగతే, అందులో ఎలీట్ ప్లస్ వాళ్ళకి ఇంటర్నేషనల్ ప్రయాణంలో లాంజ్, గెస్ట్ ఒకళ్ళు.

ఎమిరేట్స్, ఎతిహాద్ ఈ మూడిట్లో దేన్లోనూ లేవు, ఇది గుర్తుపెట్టుకోండి, మన వైపు ఎక్కువమంది ఎక్కేవి అవే కాబట్టి. మీ దగ్గర ఎయిరిండియా గోల్డ్ ఉన్నా దుబాయ్‌లో ఎమిరేట్స్ లాంజ్ దగ్గర దానికి విలువ లేదు, వాళ్ళ సొంత మెంబర్‌షిప్ స్కైవార్డ్స్ చూస్తారు. స్కైవార్డ్స్ సిల్వర్ అయితే దుబాయ్‌లో మీ ఒక్కరికే, గోల్డ్ అయితే మీతో ఒక గెస్ట్. ఏ హోదా లేనివాళ్ళు కూడా స్కైవార్డ్స్‌లో ఉచితంగా చేరి దుబాయ్‌లో వాళ్ళ లాంజ్‌కి డబ్బులు కట్టి వెళ్ళే వీలు ఎమిరేట్స్ ఇస్తుంది. ఇండిగోకి సొంత లాంజ్‌లు లేవు, ఏ అలయన్స్‌లోనూ లేదు, కాబట్టి గన్నవరం నుంచి హైదరాబాద్‌కి ఇండిగోలో వెళ్ళే ముక్కకి మెంబర్‌షిప్ దారి మర్చిపోయి కార్డు దారే చూసుకోండి.

అమెరికాలో ఉన్న పిల్లలు "నాకు యునైటెడ్ గోల్డ్ ఉంది, ఏం పర్లేదు" అంటుంటారు. యునైటెడ్ సొంత గోల్డ్ మెంబర్ అమెరికా లోపల్లోపల మాత్రమే తిరిగే ప్రయాణానికి యునైటెడ్ క్లబ్‌లోకి వెళ్ళలేడు, ఇంటర్నేషనల్ ప్రయాణం ఉంటేనే వెళ్ళగలడు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ సొంత మెంబర్లకి కూడా ఇలాంటి ఆంక్షే ఉంది. అమ్మానాన్నని డాలస్ నుంచి ఇంకో ఊరు చూపించడానికి తీసుకెళ్ళే ప్లాన్ ఉంటే ఇది ముందు చూసుకోమనండి.

ఒకే ఎయిర్‌పోర్ట్‌లో ఒకే ఎయిర్‌లైన్‌కి రెండు మూడు లాంజ్‌లు ఉండటం ఇంకో చిక్కు. దోహాలో పేరున్న అల్ ముర్జాన్ లాంజ్ బిజినెస్ టికెట్ వాళ్ళది, ఎకానమీలో వెళ్తూ సఫైర్ హోదా ఉన్నవాళ్ళని గోల్డ్ లాంజ్‌కి పంపుతారు. సింగపూర్ చాంగీలో బిజినెస్ వాళ్ళకి సిల్వర్‌క్రిస్, ఎకానమీలో వెళ్ళే గోల్డ్ వాళ్ళకి క్రిస్‌ఫ్లయర్ గోల్డ్ లాంజ్. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మాత్రం కథ తిరగబడుద్ది, మామూలు బిజినెస్ టికెట్ ఉన్నవాళ్ళు బిజినెస్ లాంజ్‌కి వెళ్తే ఎకానమీలో ఉన్న స్టార్ గోల్డ్ అంతకంటే పై మెట్టు సెనేటర్ లాంజ్‌కి వెళ్తాడు, గెస్ట్‌ని కూడా తీసుకుని. నాకు ఈ మూడిట్లో ఫ్రాంక్‌ఫర్ట్ పద్ధతే నచ్చుద్ది. యూట్యూబ్‌లో చూసిన లాంజ్ మీకు వచ్చే లాంజ్ అని అనుకోకుండా, మీ టికెట్‌కీ హోదాకీ ఏ పేరున్న లాంజో రాసుకుని పెట్టుకోండి.

కార్డు మీద వెళ్తే

మనలో ఎక్కువమంది వెళ్ళేది ఈ దారినే కాబట్టి ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి.

మన దేశంలో బ్యాంకులు ఇచ్చే కార్డుల్లో లాంజ్ ఎంట్రీ ఇదివరకు అడగ్గానే వచ్చేది, ఇప్పుడు ఖర్చుకి ముడిపెట్టారు. ఐసీఐసీఐ 2024 నవంబర్ నుంచి చాలా కార్డుల మీద, అంతకుముందు క్వార్టర్‌లో, అంటే మూడు నెలల్లో, 75,000 రూపాయలు ఖర్చుపెడితేనే తర్వాతి క్వార్టర్‌లో లాంజ్ అని పెట్టింది. హెచ్‌డీఎఫ్‌సీ రెగాలియా మీద 2023 డిసెంబర్ నుంచి క్వార్టర్‌కి లక్ష ఖర్చు చేసి, వాళ్ళ సైట్‌లో వోచర్ తీసుకునే పద్ధతి వచ్చింది. యాక్సిస్ 2024 మే నుంచి కొన్ని కార్డులకి గత మూడు నెలల్లో 50,000 అంది. ఈ అంకెలు బ్యాంకులు మారుస్తూ ఉంటాయి, మీ కార్డుది మీ బ్యాంకు యాప్‌లో బయల్దేరే నెలలో మళ్ళీ చూడండి.

ఇక్కడ ఉపయోగపడే చిట్కా ఒకటుంది. ఐసీఐసీఐ లాగా ముందు క్వార్టర్ ఖర్చు చూసే కార్డు అయితే, వేసవిలో, అంటే మేలో ప్రయాణానికి ముందు క్వార్టర్ అంటే జనవరి నుంచి మార్చి. విమానం టికెట్లు ఆ మూడు నెలల్లోనే ఆ కార్డు మీద తీస్తే ఒక్క దెబ్బతో ఖర్చు లెక్క పూర్తయిపోద్ది, ఎలాగూ కట్టాల్సిన డబ్బే కదా. అదే టికెట్లు ఏప్రిల్‌లో తీస్తే మేలో పనికిరాదు, జూలైకి పనికొస్తది, అప్పటికి మీరు అక్కడుంటారు.

డెబిట్ కార్డుల్ని కూడా తక్కువ చేయొద్దు. రూపే ప్లాటినమ్, రూపే సెలెక్ట్ డెబిట్ కార్డుల మీద లాంజ్ ఎంట్రీ ఉంది, పెన్షన్ అకౌంట్ ఉన్న చాలామంది పెద్దవాళ్ళ పర్సులో అలాంటి కార్డు ఉండి కూడా వాళ్ళకి తెలీదు. అమ్మ కార్డు, నాన్న కార్డు రెండూ తీసి చూడండి, ఇద్దరికీ చెరొక కార్డు ఉంటే గెస్ట్ గొడవే లేదు, ఎవరి కార్డు మీద వాళ్ళు వెళ్తారు. నిజానికి అన్నిట్లోకీ మంచి దారి ఇదే. గెస్ట్‌గా తీసుకెళ్ళడం కంటే రెండో మనిషికి సొంత ఎంట్రీ తెచ్చిపెట్టడం చాలావరకు చవక. క్రెడిట్ కార్డు అయితే అమ్మ పేరు మీద యాడ్ ఆన్ కార్డుకి, అంటే మీ అకౌంట్ మీదే ఇచ్చే రెండో కార్డుకి అప్లై చేయండి, కొన్ని బ్యాంకులు యాడ్ ఆన్‌కి విడిగా ఎంట్రీలు ఇస్తాయి, కొన్ని ఇద్దరికీ కలిపి లెక్కేస్తాయి, కొన్ని అసలు ఇవ్వవు, కస్టమర్ కేర్‌ని అడిగేటప్పుడు "యాడ్ ఆన్ కార్డు మీద లాంజ్ విడిగా ఉందా, కలిపి ఉందా" అని ఇదే మాట అడగండి.

ప్రయారిటీ పాస్ సంగతి వేరే. ఇది 1992లో మొదలైన కంపెనీ, దాని సొంతవి కాదు ఆ లాంజ్‌లు, ప్రపంచమంతా వేరేవాళ్ళు నడిపే లాంజ్‌లతో ఒప్పందం పెట్టుకుంటది. మన బ్యాంకులు కార్డుతో ఇచ్చే ప్రయారిటీ పాస్ చాలావరకు విదేశాల్లో వాడటానికే, మన దేశంలో లాంజ్‌లో దాన్ని చూపిస్తే లోపలికి రానిస్తారు కానీ తర్వాత నెల స్టేట్‌మెంట్‌లో ఛార్జీ వచ్చి పడుద్ది. ఇక్కడ కార్డు స్వైప్ చేయండి, బయటి దేశంలో ప్రయారిటీ పాస్ చూపించండి, అంతే. గెస్ట్‌కి మాత్రం ఎక్కువ కార్డుల మీద డబ్బులు పడతాయి, తలకి 27 నుంచి 35 డాలర్ల దాకా, మన బ్యాంకు అయితే దాని మీద జీఎస్టీ. అక్కడ కౌంటర్ దగ్గర ఎవరూ డబ్బులడగరు కాబట్టి ఉచితం అనుకుంటారు, బిల్లు తర్వాత వస్తది. ఇద్దరు గెస్టులైతే ఆరేడు వేల రూపాయలు, అంత డబ్బుకి టీ, సమోసా తిని వచ్చినట్టవుద్ది.

అమెరికా కార్డులు మన వాటికంటే ఉదారంగా ఉంటాయి గానీ అవి కూడా తగ్గిస్తున్నారు. చేజ్ సఫైర్ రిజర్వ్, అక్కడి అమెక్స్ ప్లాటినమ్ వాళ్ళ ప్రయారిటీ పాస్ మీద ఇద్దరు గెస్టులు ఉచితం, కొడుకో కూతురో స్వయంగా వచ్చి అమ్మానాన్నని వెంటబెట్టుకుని వెళ్తుంటే సరిగ్గా సరిపోద్ది, అత్తగారు కూడా తోడుంటే మూడో మనిషికి డబ్బులు కట్టాలి. క్యాపిటల్ వన్ వెంచర్ ఎక్స్ మీద ఈ ఉచిత గెస్టుల్ని 2026 ఫిబ్రవరి 1 నుంచి తీసేశారు. పైగా ఈ ప్రయారిటీ పాస్ కార్డుతో పాటు దానంతటదే రాదు, విడిగా ఎన్‌రోల్ అవ్వాలి, ఆ తర్వాత యాప్‌లో డిజిటల్ కార్డు వస్తది. పిల్లలకి ఫోన్ చేసినప్పుడు ఎన్‌రోల్ అయ్యావా అని అడగండి, చాలామంది అయ్యుండరు.

కార్డు ఎవరిదో ఆ మనిషి పక్కన ఉండాలి, ఇది మాత్రం అన్ని కార్డులకీ ఒకటే. మా పిన్ని, బాబాయి వెళ్ళినప్పుడు ఇదే జరిగింది. పిన్ని హ్యాండ్‌బ్యాగులో జిప్పు కింద జేబులోంచి కొడుకు ఇచ్చిన కార్డు తీసి, దాని చుట్టూ చుట్టిన కాగితం విప్పి ఇచ్చింది, ఆ కాగితం మీద పిన్ నంబర్ కూడా రాసుంది. కౌంటర్‌లో అమ్మాయి బోర్డింగ్ పాస్ చూసి, కార్డు చూసి, "అమ్మా, పేరు వేరే ఉందండి" అంది. "మా అబ్బాయే తల్లీ, వాడే ఇచ్చాడు" అని పిన్ని. "సార్ వచ్చుంటే అయ్యేదమ్మా, ఆయన లేకుండా నేను తీసుకోకూడదు." ఆ అమ్మాయి తప్పేం లేదు, బోర్డింగ్ పాస్ మీద పేరు, కార్డు మీద పేరు కలవాలి అన్నది రూల్. పిల్లల కార్డు చేతికిచ్చి పంపడం కంటే పిల్లలే లాంజ్ సైట్‌లో అమ్మానాన్నల పేరు మీద ఎంట్రీ ముందే కొని పంపితే మర్యాదగా లోపలికెళ్తారు. ప్లాజా ప్రీమియం, దుబాయ్ మర్‌హబా, దోహా ఒరిక్స్ లాంటివి అలా నేరుగా ఎవరికైనా ఎంట్రీ అమ్ముతాయి. అమెరికా కార్డులో ఆథరైజ్డ్ యూజర్‌గా, అంటే అక్కడి యాడ్ ఆన్ లాగా, అమ్మానాన్నని పెట్టొచ్చు కానీ దానికి ఏటా రుసుముంటది, అమెక్స్ ప్లాటినమ్‌కీ సఫైర్ రిజర్వ్‌కీ మనిషికి 195 డాలర్లు, ఏడాదికోసారి వెళ్ళేవాళ్ళకి అంత పెట్టడం నాకైతే దండగ అనిపిస్తది.

లిస్టు చూసుకోవడం

మీ కార్డు ఏ లాంజ్‌లో పనిచేస్తుందో ఎయిర్‌పోర్ట్ కోడ్‌తో వెతకండి. గన్నవరం వీజీఏ, శంషాబాద్ హెచ్‌వైడీ, దుబాయ్ డీఎక్స్‌బీ, దోహా డీఓహెచ్. హైదరాబాద్‌లో ఇప్పుడు ఎన్‌కామ్ అనే సంస్థ లాంజ్‌లు నడుపుతుంది, డొమెస్టిక్ వైపు వేరు, ఇంటర్నేషనల్ వైపు వేరు. కార్డు డొమెస్టిక్ లాంజ్‌కి మాత్రమే అని ఉంటే అమెరికా ప్రయాణంలో శంషాబాద్‌లో పనికిరాదు, ఎందుకంటే ఇమిగ్రేషన్ దాటాక మీరు ఇంటర్నేషనల్ వైపు ఉంటారు. అదే గన్నవరం నుంచి విమానంలో హైదరాబాద్‌కో ఢిల్లీకో వెళ్ళి మారేవాళ్ళకి మొదటి ముక్కకి డొమెస్టిక్ కార్డు పనికొస్తది. దోహాలో అల్ మహా, ఒరిక్స్ లాంజ్‌లు, దుబాయ్ టెర్మినల్ 3లో మర్‌హబా, అబుదాబీలో పెర్ల్ లాంజ్ ప్రయారిటీ పాస్ లిస్టులో కనిపించేవి, అవి ఏ కాన్‌కోర్స్‌లో, అంటే గేట్లుండే ఏ భాగంలో, ఉన్నాయో కూడా రాసుకోండి, దుబాయ్‌లో ఏ, బీ, సీ కాన్‌కోర్స్‌ల మధ్య నడవడం పెద్దవాళ్ళకి చాలా దూరం.

2025 సెప్టెంబర్‌లో డ్రీమ్‌ఫోక్స్ కంపెనీ మన దేశంలో లాంజ్ సర్వీసు ఆపేసింది, చాలా బ్యాంకులు లాంజ్ ఎంట్రీలు దాని ద్వారానే ఇచ్చేవి. కాబట్టి పోయినసారి పనిచేసింది కదా అని ధీమాగా వెళ్ళకండి, లిస్టు కొత్తగా చూడండి.

టైం లెక్క

గుంటూరు నుంచి శంషాబాద్‌కి కారులో ఐదారు గంటలు, నార్కట్‌పల్లి రోడ్డున వెళ్ళినా, బెజవాడ మీదుగా హైవే పట్టుకున్నా. తెల్లవారుజామున 4 గంటల ఫ్లైట్‌కి మనవాళ్ళు సాయంత్రం 4కే బయల్దేరి రాత్రి 10కల్లా చేరిపోతారు, లాంజ్ చాలా చోట్ల ఫ్లైట్‌కి మూడు గంటల ముందు నుంచే రానిస్తది, లోపల ఉండనిచ్చేది కూడా రెండు మూడు గంటలే. అంటే 1 గంట దాకా బయటే. త్వరగా బయల్దేరొద్దని నేను చెప్పను, హైవే మీద ఏదైనా అవ్వొచ్చు, కానీ లాంజ్‌లో తిందాంలే అని ఆకలితో వెళ్ళొద్దు, షుగర్ ఉన్నవాళ్ళు అసలు వద్దు, భోజనం సూర్యాపేట దగ్గరో నార్కట్‌పల్లి దగ్గరో చేసేయండి, లాంజ్‌ని టీకి, టిఫిన్‌కి, శుభ్రమైన బాత్రూంకి, ఫోన్ ఛార్జింగ్‌కి అట్టిపెట్టుకోండి. రాత్రి ఒంటిగంట నుంచి మూడు దాకా గల్ఫ్ ఫ్లైట్ల రద్దీ ఎక్కువ, సీట్లు లేకపోతే కార్డు సరైనదైనా కాసేపు ఆగమంటారు.

కౌంటర్ దగ్గర

బోర్డింగ్ పాస్, కార్డు రెండూ చేతిలో పట్టుకుని వెళ్ళండి. మన దేశంలో కార్డు పనిచేస్తుందో లేదో చూడటానికి మెషీన్‌లో రెండు రూపాయలు గీకుతారు, కొన్ని కార్డులకి పాతిక దాకా, అది చూసి కంగారు పడొద్దు. వోచర్ లేదా క్యూఆర్ పద్ధతి అయితే ఓటీపీ ఆ ఫోన్‌కే వస్తది కాబట్టి బ్యాంకులో ఇచ్చిన నంబర్ ఉన్న సిమ్ మీ దగ్గరే ఉండాలి, దాన్ని తీసేసి మనవడికిచ్చి రావొద్దు. విదేశంలో మన కార్డు స్వైప్ చేయాలంటే ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసి ఉండాలి, 2020 అక్టోబర్ నుంచి ఆర్‌బీఐ రూల్ ప్రకారం కొత్త కార్డుల్లో అది ఆఫ్‌లోనే వస్తది, యాప్‌లో ముందే ఆన్ చేసుకోండి.

గెస్ట్‌ని తీసుకెళ్తుంటే లోపలికి అడుగుపెట్టక ముందే "ఈమెకి డబ్బులు పడతాయా, ఎంత" అని అడగండి, మొహమాటం వద్దు. రసీదు మీద సంతకం పెట్టమంటే గెస్టులు ఎంతమంది అని ఉన్న గడి చూసి పెట్టండి, ఒంటరిగా వెళ్ళినవాళ్ళకి అక్కడ సున్నా ఉండాలి. పసిపిల్లల్ని చాలా లాంజ్‌లు లెక్కలోకి తీసుకోవు, కానీ ఏ వయసు దాకా అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటది, నాలుగేళ్ళ మనవరాలు కూడా ఒక గెస్టే అయిపోవచ్చు.

తిండి దగ్గర శాకాహారులు లేబుల్ చూసి తీసుకోండి, లేబుల్ లేకపోతే అడగండి, విదేశీ లాంజ్‌ల్లో సూప్, సాస్‌ల్లో మాంసం రసం కలుపుతారు, చూడ్డానికి కూరగాయల సూప్‌లాగే ఉంటది.

వీల్‌చైర్ తీసుకున్నవాళ్ళకి

మనవాళ్ళలో చాలామంది వీల్‌చైర్ బుక్ చేసుకుంటారు, నడక కోసం కొంత, ఇంగ్లిష్‌లో మాట్లాడే పని తప్పుద్దని కొంత. వీల్‌చైర్ అబ్బాయి మామూలుగా నేరుగా గేట్ దగ్గరికో వాళ్ళ హెల్ప్ డెస్క్ దగ్గరికో తీసుకెళ్ళి కూర్చోబెడతాడు, లాంజ్ ఉందని మీరు చెప్పకపోతే అతనికి తెలిసే దారి లేదు. కాబట్టి చెక్ ఇన్ దగ్గరే "మాకు లాంజ్ ఉంది, అక్కడ దింపండి" అని చెప్పండి, లాంజ్ పేరు ఒక కాగితం మీద ఇంగ్లిష్‌లో రాసి అమ్మకి ఇచ్చి పంపండి. లాంజ్‌లోకి వెళ్ళగానే రిసెప్షన్‌లో ఫ్లైట్ నంబర్ చెప్పి, వీల్‌చైర్ మళ్ళీ ఎన్నింటికి వస్తదో అడిగి, ఆ టైం కాగితం మీద రాయించుకోండి.

చాలా లాంజ్‌ల్లో బోర్డింగ్ అనౌన్స్‌మెంట్ ఉండదు, తెర మీద చూసుకోవాల్సిందే. ఎమిరేట్స్, ఖతార్ రెండూ బయల్దేరే టైంకి 20 నిమిషాల ముందు గేట్ మూసేస్తాయి, దోహా, దుబాయ్‌ల్లో లాంజ్ నుంచి గేట్‌కి రైలెక్కి వెళ్ళాల్సి రావొచ్చు, పెద్దవాళ్ళయితే గంటా పావు ముందే లేచి వెళ్ళాలి, వీల్‌చైర్ రాకపోతే రిసెప్షన్‌లో అడిగి మళ్ళీ ఫోన్ చేయించాలి. నాన్న ఫోన్‌లో ఆ టైంకి అలారం పెట్టి పంపండి, అక్కడి టైం ప్రకారం, దోహా మనకంటే రెండున్నర గంటలు వెనక, దుబాయ్ గంటన్నర వెనక.